‘రూమ్ టెంపరేచర్’ అంటే ఎవరి రూమ్? కర్నూలు ల్యాబ్‌లో క్యాండిడా ప్రాజెక్టు డైరీ

మా ల్యాబ్ కర్నూలులో ఒక చిన్న నర్సింగ్ హోమ్ మూడో అంతస్తులో ఉంది, పైన రేకులు. టెక్నీషియన్లం ఇద్దరం, నేనూ మా జూనియర్ అబ్బాయీ. మైక్రోబయాలజీ మేడం వారానికి మూడు రోజులు వచ్చి ప్లేట్లు చూసి సంతకం పెడతారు. ఇన్నేళ్ళూ యూరిన్‌లోనో, తెల్లబట్ట స్వాబ్‌లోనో, నోటి పూతలోనో ఈస్ట్ కనబడితే ‘బడ్డింగ్ ఈస్ట్ కణాలు ఉన్నాయి’ అని ఒక ముక్క రాసి వదిలేసేవాళ్ళం. ఏ ఈస్ట్ అని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

అడగాల్సిన ప్రశ్నే అది. ఇలా కనబడే ఈస్టుల్లో ఎక్కువగా ఉండే క్యాండిడా ఒక ఫంగస్, చాలామంది నోట్లో, పేగుల్లో ఊరికే పడి ఉండే జీవి. షుగర్ అదుపు తప్పినా, స్టెరాయిడ్లు నడుస్తున్నా, యాంటీబయాటిక్స్ వరసగా వాడినా, కాథెటర్ వారాల తరబడి లోపలే ఉన్నా దానికి సందు దొరుకుతుంది. సూడోమోనాస్, అసినెటోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా బుద్ధీ ఇంతే, ఒంట్లో బలం ఉన్నంతకాలం జోలికి రావు. తేడా ఎక్కడొస్తుందంటే, డాక్టర్లు ఈస్ట్ అనగానే రాసే ఫ్లుకోనజోల్‌కు క్యాండిడా జాతుల్లో ఆల్బికాన్స్ మామూలుగా లొంగుతుంది, క్రూసై పుట్టుకతోనే లొంగదు, గ్లాబ్రాటా చాలాసార్లు మొండికేస్తుంది. పేరు తెలియకుండా మందు వేయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

పెద్ద మిషన్ కొనే స్తోమత లేదు కాబట్టి పాత పద్ధతులతోనే జాతి దాకా చెప్పాలనుకున్నాం. ఇది ల్యాబ్ వాళ్ళ కోసం రాస్తున్నది. ఇంట్లో ఎవరూ ఈస్టులూ బ్యాక్టీరియా పెంచే పని పెట్టుకోకండి, మేం చేసింది డాక్టర్ పర్యవేక్షణలో, అన్ని జాగ్రత్తలతో.

దశ 1: మీడియా (మార్చి 3 – 15)

మొదటి బోల్తా మీడియం (సూక్ష్మజీవుల్ని పెంచే, జెల్లీలా గడ్డకట్టే తిండి) డబ్బా దగ్గరే. సాబరో డెక్స్‌ట్రోజ్ అగర్ మా అరలో ఉంది కదా అని దాంతోనే మొదలుపెట్టాం. స్మియర్‌లో ఈస్ట్ కళ్ళారా చూసిన రెండు శాంపిళ్ళు నాలుగు రోజులైనా పెరగలేదు. డబ్బా తిప్పి చదివితే అందులో సైక్లోహెక్సిమైడ్ ఉంది. తామర శాంపిళ్ళ కోసం ఎప్పుడో తెప్పించినది. బూజులు ప్లేటంతా కమ్మేయకుండా కలుపుతారు దాన్ని, కానీ ఆల్బికాన్స్ తట్టుకున్నంత బాగా కొన్ని ఇతర క్యాండిడాలు తట్టుకోలేవు, క్రిప్టోకాకస్ అయితే అసలు పెరగదు. క్లోరాంఫెనికాల్ మాత్రమే ఉన్న డబ్బా తెప్పించాం. ఇది బ్యాక్టీరియాను ఆపుతుంది, ఈస్ట్‌ను ముట్టుకోదు.

రెండోది ఆటోక్లేవ్. మీడియంలో ముందే ఉన్న సూక్ష్మజీవుల్ని ఆవిరితో చంపేది. మాది స్టవ్ మీద పెట్టే రకం, పెద్ద కుక్కర్ అనుకోండి. 250 మి.లీ. నీళ్ళకు మీడియం పొడి 16.25 గ్రాములు వేసి, 15 పౌండ్ల ప్రెషర్‌లో 15 నిమిషాలు ఉంచి, 12 ప్లేట్లు పోశాం. ఏమీ రుద్దకుండా ఉత్తగానే ఇన్‌క్యుబేటర్‌లో పెడితే 5 ప్లేట్లలో ఏదో ఒకటి మొలిచింది. వేడికి రంగు మారే ఆటోక్లేవ్ టేపు మీద నల్ల గీతలు చక్కగా వచ్చాయి మరి! తప్పు మాదే, వాల్వు ముందే మూసేశాం. లోపలి గాలి బయటికి పోకుండా మూస్తే ముల్లు 15 చూపించినా వేడి 121కి చేరదు. టేపు కూడా వేడి తగిలిందని చెబుతుంది గానీ పావుగంట నిలిచిందని చెప్పదు. ఇప్పుడు ఆవిరి సన్నగా, ఆగకుండా, గీత గీసినట్టు వచ్చేదాకా ఐదు నిమిషాలు వదిలి అప్పుడు మూస్తున్నాం. తర్వాతి 12లో ఒక్కటీ చెడలేదు.

మూడోది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. జాతిని బట్టి రంగు మారే క్రోమోజెనిక్ మీడియం కొన్నాం. ఆ అలవాటులోనే దాన్నీ ఆటోక్లేవ్‌లో పెట్టేశాను. మరిగించాలి అంతే, ఆటోక్లేవ్ చేయకూడదు అని డబ్బా మీదే రాసి ఉంది. తెలిసిన ఆల్బికాన్స్ రుద్దితే ఆకుపచ్చ రావాల్సింది కాస్తా మురికి గోధుమ రంగులో తేలింది. సుమారు 800 రూపాయల పొడి సింక్ పాలు.

రంగుల సంగతి కూడా ఇక్కడే. మా మీడియంలో ఆల్బికాన్స్ లేత ఆకుపచ్చ, ట్రాపికాలిస్ నీలం, క్రూసై గులాబీ రంగులో గరుకుగా, గ్లాబ్రాటా మీగడ రంగు. వేరే కంపెనీ మీడియంలో గ్లాబ్రాటా ఊదాగా వస్తుంది. అందుకని డబ్బాతో వచ్చిన కాగితాన్నే నమ్మండి, ఎవరో పంపిన ఫోటోను కాదు. 48 గంటలకు చదవాలి, ప్లేట్లు వెలుతురులో పెట్టకూడదు. నాలుగు రోజులు వదిలేస్తే అన్నీ ఒకేలా ముదురుతాయి.

ఖర్చు: క్రోమోజెనిక్ పొడి 7,400 + ప్లేట్లు 700 + థర్మామీటర్లు రెండు 360 + టేపు 340
ఇప్పటిదాకా మొత్తం: రూ. 8,800. ఐసొలేట్లు (శాంపిళ్ళ నుంచి విడిగా పెంచిన ఈస్టులు): 4

దశ 2: జెర్మ్ ట్యూబ్ (మార్చి 18 – ఏప్రిల్ 5)

పుస్తకంలో ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. సీరంలో ఈస్ట్ కలిపి 37 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచితే ఆల్బికాన్స్ కణం నుంచి సన్నటి గొట్టం బయటికొస్తుంది. మాకు తెలిసిన మైక్రోబయాలజీ సార్ ఇచ్చిన కచ్చితమైన ఆల్బికాన్స్‌తోనే మొదటి మూడుసార్లూ సరిగా రాలేదు. స్లైడ్ నిండా కణాలు, గొట్టాలు అక్కడొకటి ఇక్కడొకటి.

సీరం పాడైందేమో అని రెండు రోజులు దాని వెంట పడ్డాం. కాదు. మేం కాలనీని (ప్లేటు మీద పెరిగిన ఈస్ట్ ముద్దను) గీకి గీకి కలపడం వల్ల వచ్చిన తంటా అది. కణాలు మరీ కిక్కిరిస్తే గొట్టాలు తీయవు. ఒకే కాలనీని మూడు చిక్కదనాల్లో కలిపి, రెండు గంటలకు ఒక్కోదాంట్లో 100 కణాలు లెక్కపెట్టాం:

- మజ్జిగలా చిక్కగా కలిపింది: 22 కణాలకు గొట్టం
- బియ్యం కడిగిన నీళ్ళలా: 61
- కంటికి కనీ కనపడనంత పలచగా: 90

అప్పటినుంచి లూప్ వాడటం మానేశాం. టూత్‌పిక్ కొస కాలనీకి అలా తాకించి సీరంలో ముంచుతాం, అంతే.

రెండో తప్పు టైము. సోమవారం ఓపీ రద్దీలో ట్యూబులు ఐదు గంటలు ఉండిపోయాయి. చూస్తే ఒక యూరిన్ శాంపిల్‌లో పొడుగ్గా సాగిన కణాలు. పాజిటివ్ అని రాయబోతుంటే మేడం ఆపి, స్లైడ్ పాయింటర్ దగ్గరికి జరిపి చూడమన్నారు. అసలు జెర్మ్ ట్యూబ్ తల్లికణం దగ్గర మొదలయ్యే చోట నొక్కు ఉండదు, చేతి అద్దానికి పిడిలా నేరుగా సాగిపోతుంది. మేం చూసిందానికి మొదట్లోనే నడుం ఉంది, వేరుశనక్కాయ మధ్యలో నొక్కుకుపోయినట్టు. అది సూడోహైఫా, అంటే మొగ్గలు విడిపోకుండా గొలుసులా సాగిన కణాలు. అది ట్రాపికాలిస్, మర్నాడు ప్లేటు మీద నీలంగా తేలింది. మన దేశంలో రక్తంలోకి చేరే క్యాండిడాల్లో ముందు వరసలో ఉండేదే ట్రాపికాలిస్, కాబట్టి ఈ పొరపాటు అరుదుగా జరిగేది కాదు, రోజూ జరగగలిగేది.

ఇప్పుడు మేం చేసే వరస:

1. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి నెగటివ్ వచ్చిన, ఎరుపు దిగని సీరం 0.5 మి.లీ. చొప్పున పంచి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం.
2. 24 గంటల కాలనీ, ఒక్కటే, వేరే బ్యాక్టీరియా కలవనిది.
3. టూత్‌పిక్ కొసతో తాకించడం.
4. 37 డిగ్రీలు. రెండు గంటలకు ఒకసారి చూడటం, మూడు గంటలు దాటితే ఆ ట్యూబు పారేయడం.
5. ప్రతి బ్యాచ్‌లో తెలిసిన ఆల్బికాన్స్ ఒకటి, తెలిసిన ట్రాపికాలిస్ ఒకటి.

నాలుగో అంకెకు వంటింటి టైమర్ కొన్నాం. అది మోగినప్పుడల్లా కింద ఫార్మసీ అన్న ‘ఏమప్పా, ఇడ్లీలు ఉడికినాయా’ అని కేకేస్తాడు.

ఖర్చు: టైమర్ 150 + స్లైడ్లు, కవర్‌స్లిప్పులు 260
ఇప్పటిదాకా మొత్తం: రూ. 9,210. ఐసొలేట్లు: 11

దశ 3: మొక్కజొన్న అగర్, ఎండ (ఏప్రిల్ 8 – మే 10)

ఈ ప్రాజెక్టులో నెల రోజులు తిన్న దశ ఇదే.

జెర్మ్ ట్యూబ్ ఒక్కదాని మీదే ఆధారపడకూడదని మొక్కజొన్న పిండి అగర్ మొదలుపెట్టాం. తిండి తక్కువుండే ఈ అగర్ మీద ఈస్ట్‌ను గీతగా రుద్ది, పైన కవర్‌స్లిప్ వేసి, 25 డిగ్రీల్లో రెండు మూడు రోజులు ఉంచితే ఒక్కో జాతి తన ఆకారం బయటపెడుతుంది. ఆల్బికాన్స్ అయితే పోగుల కొసల్లో గుండ్రంగా, దళసరి గోడతో మెరిసే క్లామిడోస్పోర్లు పెడుతుంది. ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోం.

పిండి తెమ్మంటే మా జూనియర్ అబ్బాయి కిరాణా కొట్టులో కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ తెచ్చాడు, అదే మంచూరియాలో వేసే తెల్లపొడి. అది వట్టి స్టార్చ్. మరిగించగానే ‘ఇదేందన్నా, పోస్టర్లంటించే బంక మాదిరి అయిపాయ’ అన్నాడు. మర్నాడు మొక్కజొన్నలు కొని మరలో ఆడించాం. లీటరు నీళ్ళకు 40 గ్రాముల పిండి, గంటసేపు సన్నని వేడి మీద, గుడ్డలో వడకట్టి, అగర్ 15 గ్రాములు, ట్వీన్ 80 (సబ్బులాంటి ద్రవం) పది మి.లీ. మీడియం బాగానే కుదిరింది.

క్లామిడోస్పోర్లు మాత్రం రాలేదు. మూడు ప్లేట్లు, తెలిసిన ఆల్బికాన్స్, 72 గంటలు, సున్నా. ట్వీన్ మార్చాం, సున్నా. కొత్త కవర్‌స్లిప్పులు, సున్నా. అప్పటికి పది రోజులైంది. ఒక దశలో సార్ ఇచ్చిన కల్చరే ఆల్బికాన్స్ కాదేమో అని కూడా అనుకున్నాను, ఆయన వింటే ఏమనుకుంటారో.

మేడం ఒకటే అడిగారు. ‘ఏమప్పా, 25 డిగ్రీలు అంటున్నావు, ప్లేట్లు ఎక్కడ పెట్టినావు?’

‘బయట అరలో మేడం. రూమ్ టెంపరేచర్.’

‘ఎవరి రూమ్?’

థర్మామీటరు కొని నెలైంది, దాన్ని ఇన్‌క్యుబేటర్‌లో తప్ప ఎక్కడా పెట్టలేదు. ఆ వారమంతా అరలో పెట్టి రాశాం. పొద్దున ఆరుకు 31, మధ్యాహ్నం మూడుకు 39.5. పుస్తకం రాసినవాళ్ళ రూమ్ టెంపరేచర్ మా రేకుల కింద డిసెంబరు తెల్లవారుజామున తప్ప ఎప్పుడూ ఉండదు. ఆల్బికాన్స్ ఒంటి వేడిలో గొట్టాలు తీస్తుంది, ఆ వేడిలో క్లామిడోస్పోర్లు పెట్టదు. అది తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

అప్పుడే ఇంకో రెండు సంగతులు కూడా అర్థమయ్యాయి. అగర్ 40 డిగ్రీలకు కాస్త అటూ ఇటుగా గడ్డకడుతుంది, మధ్యాహ్నం పోసిన ప్లేట్లు ముప్పావుగంటైనా వణుకుతుంటే మీడియం పలచనైందని తిట్టుకున్నాం, గది వేడిని కాదు. ఇన్‌క్యుబేటర్ కూడా వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. బయట 40 ఉంటే 37కి పెట్టినది 40కి పైనే నిలుస్తుంది. మే 2న దాని లోపల 41 చూశాం. జెర్మ్ ట్యూబ్‌లు కొన్ని మధ్యాహ్నాలు తేడాగా రావడానికి ఇది కూడా కారణమని నా అనుమానం. ఇప్పుడా పరీక్ష పొద్దున తొమ్మిదికే చేసేస్తున్నాం.

సరే, 25 డిగ్రీల పెట్టె కావాలి. కూలింగ్ ఇన్‌క్యుబేటర్ ధర అడిగి ఫోన్ పెట్టేశాం.

మొదటి ప్రయత్నం పెల్టియర్, కరెంటిస్తే ఒకవైపు చల్లబడే పలక. థర్మకోల్ పెట్టె, రెండు 12706 పెల్టియర్ పలకలు, హీట్‌సింకులు, ఫ్యాన్లు, 12 వోల్టుల సప్లై. వీడియోల్లో ఐసు గడ్డకట్టించి చూపిస్తారు. మా గదిలో 40.5 ఉన్నప్పుడు మూడు గంటలు నడిపితే లోపల 31 దగ్గర ఆగిపోయింది. ఈ పలక ఒకవైపు వేడిని లాగి ఇంకోవైపు వదలాలి, ఆ ఇంకోవైపు గాలే 40 ఉంటే ఎక్కడికి వదులుతుంది? పైగా చల్లటి పలక మీద పట్టిన చెమట ప్లేట్ల మూతల మీద కారి, రెండు ప్లేట్లు బూజు పట్టాయి. 2,000 రూపాయలు బూడిదలో పోసినట్టయింది. చలి ఊళ్ళలో ఉన్నవాళ్ళకు పనిచేస్తుందేమో, కర్నూలు, అనంతపురం, కడప వాళ్ళు దాని జోలికి పోకండి.

రెండో ప్రయత్నం పాత ఫ్రిజ్. సెకండ్ హ్యాండ్ సింగిల్ డోర్, లోపలి నాబ్ పూర్తి చలికి తిప్పేసి, కరెంటు మాత్రం బయట ఒక ఎస్‌టీసీ 1000 టెంపరేచర్ కంట్రోలర్ గుండా ఇచ్చాం. లోపల వేడి 26 దాటితే కంప్రెసర్ ఆన్, 25కి దిగితే ఆఫ్.

1. సెన్సార్ గాలిలో వేలాడదీస్తే కంప్రెసర్ గంటకు 8 సార్లు కొట్టుకుంది, ఇలాగైతే వేసవి దాటదు. సెన్సార్‌ను నీళ్ళున్న చిన్న సీసాలో ముంచితే గంటకు 2 సార్లకు తగ్గింది.
2. కంప్రెసర్ మళ్ళీ ఆన్ కావడానికి మధ్య వ్యవధి 5 నిమిషాలు పెట్టాం. కరెంటు పోయి రెండు నిమిషాల్లో వచ్చే ఊరు మనది, ఈ సెట్టింగ్ మరిచిపోవద్దు.
3. రెండు గంటల కరెంటు కోతకు లోపల 25 నుంచి 28.5కి ఎక్కింది. రెండు లీటర్ల నీళ్ళ బాటిళ్ళు ఆరు పేర్చాక అదే కోతకు 26.8 దగ్గర ఆగింది.
4. ప్లేట్లు మూతపెట్టిన డబ్బాలో, తలకిందులుగా.
5. తలుపు మీద పెద్దక్షరాలతో ‘తినేవి పెట్టరాదు’. మూడో రోజే ఎవరిదో పెరుగు ప్యాకెట్ దొరికింది, అందుకని తాళం కూడా వేశాం.

మే 10, పొద్దున 48 గంటల ప్లేటు. పది రెట్ల లెన్స్‌లో పోగులు చీపురు పుల్లల్లా ఉన్నాయి, నలభైకి తిప్పి ఫోకస్ సన్నగా జరిపితే కొసల్లో ఒక్కొక్కటీ తేలింది, గాజు పూసల్లా, చుట్టూ రెండు గీతల గోడతో. మూడు ప్లేట్లలో మూడింటిలోనూ. మా అబ్బాయి ఫోన్ కెమెరా ఐపీస్‌కు ఆనించి ఇరవై ఫోటోలు తీశాడు, అన్నీ మసక.

ఖర్చు: అగర్, ట్వీన్ 940 + పెల్టియర్ దండగ 2,000 + ఫ్రిజ్, ఆటో, కంట్రోలర్ 3,750
ఇప్పటిదాకా మొత్తం: రూ. 15,900. ఐసొలేట్లు: 19

దశ 4: గంజి (మే 12 – 25)

మొక్కజొన్న వడకట్టడం పెద్ద తతంగం, గుడ్డ ఊరికే మూసుకుపోతుంది. బియ్యం గంజి అగర్ కూడా ఇదే పనికి ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే. ఇంట్లో కర్నూలు సోనా ఉండగా ఇంకెందుకు? 20 గ్రాముల బియ్యం, లీటరు నీళ్ళు, ముప్పావుగంట, వార్చి, అగర్, ట్వీన్. ఉప్పు వేయొద్దని ఇంట్లో చెప్పి మరీ చేయించాను. వార్చాక ఆవిరైనంత నీళ్ళు మళ్ళీ కలిపి లీటరు చేయాలి.

మొక్కజొన్న, గంజి పక్కపక్కన 8 ఐసొలేట్లతో పెట్టి చూశాం. ఎనిమిదింటిలోనూ జవాబు ఒకటే. గంజి మీద క్లామిడోస్పోర్లు ఎక్కువగానే కనిపించాయి, లెక్కపెట్టలేదు. ఇక మొక్కజొన్నకు సెలవు.

ఇప్పటిదాకా మొత్తం: రూ. 15,900. ఐసొలేట్లు: 27

దశ 5: కూలర్ (మే 27 – జూన్ 8)

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. పరువు తక్కువ సంగతే. కానీ డైరీ పెట్టిందే ఇందుకు.

మే చివరి వారంలో మూడు యూరిన్ కల్చర్లలో సూడోమోనాస్ వచ్చింది. ముగ్గురూ వేరు వేరు డాక్టర్ల పేషెంట్లు, వేరు వేరు రోజులు. ఇద్దరికి కాథెటర్ లేదు, ఈమధ్య ఆసుపత్రిలో చేరింది కూడా లేదు. అలాంటివాళ్ళలో ఇది వరసగా మూడుసార్లు రావడం మేడంకు నచ్చలేదు. ‘పేషెంట్లను కాదు, నీ బెంచీని చూడు’ అన్నారు.

బెంచీకి ఎదురుగా ఎయిర్ కూలర్. ఏప్రిల్ నుంచి అది లేకపోతే మేం లేము. గడ్డి మెత్తలు, కింద తొట్టి, నీళ్ళు అడుగంటితే పైన ఒక బక్కెట్ పోయడమే తప్ప కడిగింది లేదు. రెండు బ్లడ్ అగర్ ప్లేట్లు మూత తీసి బెంచీ మీద అరగంట ఉంచాం, ఒకటి కూలర్ ఆన్‌లో, ఒకటి ఆఫ్ చేసిన గంట తర్వాత.

- కూలర్ ఆన్: బ్యాక్టీరియా కాలనీలు 64, బూజులు 11
- కూలర్ ఆఫ్: బ్యాక్టీరియా 14, బూజులు 3

తొట్టి నీళ్ళు ఒక్క లూప్, మైక్రోలీటరు, మకాంకీ అగర్ మీద రుద్దితే లెక్కపెట్టడానికి వీల్లేనన్ని లేత రంగు కాలనీలు. న్యూట్రియంట్ అగర్ మీద ప్లేటంతా ఆకుపచ్చగా దిగింది. వాసన చూడాలని ముక్కు దగ్గర పెట్టుకోకండి, మూత తీయకముందే తెలుస్తుంది. పుస్తకాలు ద్రాక్ష వాసన అంటాయి. ‘ద్రాక్ష అయితే బండి మీద మూడు రోజులు మాగిందన్నా’ అన్నాడు మావాడు. సూడోమోనాస్‌ను గుర్తుపట్టడానికి చేసే ఆక్సిడేజ్ పరీక్ష పది సెకన్లలోపే ఊదారంగుకు తిరిగింది. ఈ పరీక్షకు నిక్రోమ్ లూప్ వాడకండి, ఆ తీగే ఊదారంగు తెప్పించగలదు. చెక్క పుల్ల వాడాం. 42 డిగ్రీల్లో కూడా పెరిగింది, ఆ పరీక్షకు మే నెలలో మాకు వేరే ఏర్పాటు అక్కర్లేకపోయింది.

తొట్టిలోదీ, శాంపిళ్ళలోదీ ఒకటేనని రుజువు చేసే జన్యు పరీక్ష మా దగ్గర లేదు. కానీ ముగ్గురికీ ఫోన్ చేశాం. ఇద్దరు వచ్చి మళ్ళీ శాంపిల్ ఇచ్చారు. కూలర్ ఆపి, దీపం పక్కన చేస్తే రెండింటిలోనూ సూడోమోనాస్ లేదు. వాళ్ళలో ఒక పెద్దాయన కోడుమూరు వైపు నుంచి వచ్చారు. మా రిపోర్టు చూసి అప్పటికే రెండు రోజులు ఇంజెక్షన్లు చేయించుకున్నారు. మేడం ఆయన డాక్టర్‌తో మాట్లాడి ఆపించారు. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. ‘మళ్ళా డబ్బులు కట్టాల్నా నాయనా’ అని మాత్రం అడిగారు. రెండు శాంపిళ్ళ డబ్బులూ వెనక్కిచ్చాం. మూడో పేషెంటు ఫోన్ ఎత్తలేదు, ఆ డాక్టర్‌కు రాసి పంపాం.

మార్చినవి: కల్చర్ పని నడిచే సేపు కూలర్, ఫ్యాన్ రెండూ బంద్. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్యలోనే ప్లేట్లు రుద్దుతున్నాం, అప్పుడైతే ఓర్చుకోగలం. కూలర్‌ను గదిలోంచి తీసి కారిడార్‌లో పెట్టాం, తొట్టి వారానికి రెండుసార్లు ఖాళీ చేసి తోమి, బ్లీచింగ్ వేసి, ఆరబెట్టడం. ప్రతి రోజూ ఏమీ రుద్దని ప్లేటు ఒకటి పనంతసేపూ బెంచీ మీద తెరిచే ఉంచుతున్నాం. దాని మీద ఏదైనా వస్తే ఆ రోజు కల్చర్లన్నీ అనుమానంగానే చూస్తాం.

దీంతోపాటే హైపో (బెంచీ తుడిచే హైపోక్లోరైట్ ద్రావణం) క్యాన్ కూడా. ఎండలో బాల్కనీలో పెట్టేవాళ్ళం. ఆ వేడికి క్లోరిన్ పోయి వట్టి నీళ్ళలా మిగులుతుంది. లోపల నీడకు మార్చాం, ఒక శాతం ద్రావణం ఏ రోజుకారోజు కలుపుతున్నాం. పెరిగిన ప్లేట్లు ముందు ఆటోక్లేవ్, తర్వాతే ఆసుపత్రి చెత్తకు వాడే పసుపు సంచి.

ఇప్పటిదాకా మొత్తం: రూ. 15,900 (వెనక్కిచ్చిన డబ్బులు ఇందులో కలపలేదు). ఐసొలేట్లు: 31

దశ 6: భయపెట్టిన ప్లేటు (జూన్ 15 – జూలై 2)

ఐసీయూలో నెలన్నాళ్ళుండి ఇంటికొచ్చిన షుగర్ పేషెంటు యూరిన్. కాలనీ పాలిపోయిన రంగు, గులాబీ అనాలో మీగడ అనాలో తెలీదు. జెర్మ్ ట్యూబ్ నెగటివ్. గంజి అగర్ మీద పోగులు లేవు, ఉత్త చిన్న చిన్న కణాలే. 42లో పెరిగింది.

టెన్షన్ ఎందుకంటే ఈ లక్షణాలన్నీ క్యాండిడా ఆరిస్‌కు కూడా సరిపోతాయి. 2009లో జపాన్‌లో ఒకరి చెవిలో దొరికింది కాబట్టి ఆ పేరు, లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. మన దేశంలో 2013 నుంచే రిపోర్టులు ఉన్నాయి. ఆసుపత్రి మంచాల మీద, బల్లల మీద రోజుల తరబడి బతికి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, చాలావరకు ఫ్లుకోనజోల్‌కు లొంగదు. మిషన్లు కూడా మొదట్లో దాన్ని వేరే జాతిగా పొరబడ్డాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫంగస్‌ల జాబితాలో అత్యంత ప్రమాదకరమైన వరసలో పెట్టింది. మా దగ్గరున్న నాలుగు పరీక్షలతో ఇది ఆరిస్ కాదు అని చెప్పే హక్కు మాకు లేదు.

ప్లేటుకు టేపు చుట్టి విడిగా పెట్టాం, బెంచీ హైపోతో రెండుసార్లు తుడిచాం, స్లాంట్ (ట్యూబులో ఏటవాలుగా గడ్డకట్టించిన అగర్) మీదికి మార్చి మూడు పొరల ప్యాకింగ్‌లో పెద్ద ల్యాబ్‌కు పంపాం. రిపోర్టులో ‘ఆల్బికాన్స్ కాని క్యాండిడా, నిర్ధారణకు పంపాం’ అని మాత్రమే రాశాం. ఎనిమిది రోజులకు జవాబొచ్చింది, గ్లాబ్రాటా. ఇప్పుడు దాని పేరు నకసియోమైసిస్ గ్లాబ్రాటస్ అని మార్చారట, మా డాక్టర్లకు ఆ పేరు రాస్తే ఫోన్ చేసి అడుగుతారు కాబట్టి రెండూ రాస్తున్నాం.

పేషెంటుకు మంట లేదు, జ్వరం లేదు. కాథెటర్ తీయించి వదిలేశారు. యూరిన్‌లో ఈస్ట్ కనిపించిన ప్రతివాళ్ళకూ మందు అక్కర్లేదు. బాధలు లేకపోతే చాలాసార్లు కాథెటర్ తీయడమే వైద్యం, తెల్లకణాలు బాగా పడిపోయినవాళ్ళు, మరీ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు, మూత్రనాళానికి ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళ సంగతి వేరు. పేరు చెప్పడం మా పని, మందు వేయాలా వద్దా అన్నది డాక్టర్ పని.

ఖర్చు: కొరియర్, పరీక్ష ఫీజు 1,200
ఇప్పటిదాకా మొత్తం: రూ. 17,100. ఐసొలేట్లు: 38

జూలై 19

లెక్క 46కి వచ్చింది. జెర్మ్ ట్యూబ్, గంజి అగర్ రెండూ పాజిటివ్ (అంటే ఆల్బికాన్స్ అనుకున్నవి) 21, ట్రాపికాలిస్ 14, గ్లాబ్రాటా 5, క్రూసై 2, మేం తేల్చలేక పంపినవి 4. ఇవి మా మూడో అంతస్తుకు వచ్చిన శాంపిళ్ళు మాత్రమే, కర్నూలు జిల్లా లెక్కలు అనుకోకండి. ఆ 21లో ఆల్బికాన్స్‌ను పోలిన డబ్లినియెన్సిస్ అనే క్యాండిడా ఒకటో రెండో కలిసి ఉండొచ్చు, అది కూడా జెర్మ్ ట్యూబ్, క్లామిడోస్పోర్లు రెండూ పెడుతుంది. అది 45 డిగ్రీల్లో సరిగా పెరగదు, ఆల్బికాన్స్ పెరుగుతుంది. 45కి ఇన్‌క్యుబేటర్ సెట్ చేసి ఆ 21నీ మళ్ళీ రుద్దాలి, అది వచ్చే నెల పని.

నాలుగు రోజులుగా ముసురు. నిన్న మధ్యాహ్నం అరలోని థర్మామీటరు 27 చూపించింది, ఫిబ్రవరి తర్వాత ఇదే మొదటిసారి అనుకుంటా. మూడు రోజుల కిందటే పరీక్షకని తెలిసిన ఆల్బికాన్స్ ప్లేటు ఒకటి ఫ్రిజ్‌లో కాకుండా ఏప్రిల్‌లో పెట్టిన ఆ అరలోనే, ఆ మూలనే పెట్టాం. ఇవాళ పొద్దున చూశాం. ఫ్రిజ్ ప్లేటులో ఉన్నన్ని క్లామిడోస్పోర్లు లేవు గానీ, ఉన్నాయి.